హాట్‌షాట్ జట్లను కాపాడాల్సింది జీతంతోనే

అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో కార్చిచ్చు రేగితే టీవీలో కనిపించేవి దాదాపు ఒకే రకం దృశ్యాలు. విమానం వంగి వచ్చి ఎర్రటి రిటార్డెంట్ కుమ్మరిస్తుంది, హెలికాప్టర్ బకెట్‌తో నీళ్లు పోస్తుంది. చూసేవాళ్లకు మంట ఆర్పేది ఆ విమానమే అనిపిస్తుంది. నిజానికి రిటార్డెంట్ చేసేది మంట వేగం తగ్గించడం మాత్రమే. ఆ దొరికిన వ్యవధిలో కింద మనుషులు వచ్చి పని పూర్తి చేయకపోతే మంట ఆ ఎర్ర గీతను దాటుకునో, చుట్టు తిరిగో పోతుంది. రోడ్డు లేని, ఫైరింజన్ ఎక్కలేని కొండల మీద అడవి మంటను చివరికి నిలబెట్టేది రెండడుగుల వెడల్పున గీకిన మట్టి బాట, దాన్నే లైన్ అంటారు. ఆ బాట తవ్వేవాళ్లలో అగ్రశ్రేణి వాళ్లు హాట్‌షాట్లు.

ఈ జట్ల గురించి రాసేవాళ్లు ఎక్కువగా వాళ్ల ధైర్యాన్ని మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకోలు వల్ల వాళ్లకు ఒరిగిందేమీ లేదని నా నమ్మకం. హాట్‌షాట్ జట్టు బలమంతా ఏళ్ల తరబడి కలిసి పనిచేసిన పది పన్నెండు మంది అనుభవంలో ఉంది. ఆ అనుభవమే జట్టుకు అసలైన రక్షణ పరికరం. దాన్ని నిలుపుకునే జీతం ఇవ్వకపోవడమంటే హెల్మెట్లు కొనకపోవడం లాంటిదే. ఇది ఎందుకో తెలియాలంటే ముందు వాళ్లు చేసే పనేమిటో తెలియాలి.

మొదటి హాట్‌షాట్ జట్లు 1940ల చివర్లో దక్షిణ కాలిఫోర్నియాలో పుట్టాయి. మంట అత్యంత తీవ్రంగా ఉన్న చోటికి పంపే జట్లు కాబట్టి ఆ పేరు వచ్చింది. ఇప్పుడు దేశంలో వందకు పైగా ఉన్నాయి. జట్టుకు సుమారు 20 మంది. ఒక సూపరింటెండెంట్, ఒకరో ఇద్దరో అసిస్టెంట్లు, స్క్వాడ్ లీడర్లు, సీనియర్లు, కొత్తవాళ్లు. సీజన్ మొదట్లో 80 గంటల శిక్షణ అయ్యాకే జట్టు మంటకు సిద్ధమని ప్రకటిస్తారు. అడవి మంటల్లో లైన్ మీద పనిచేసే ఎవరైనా 45 పౌండ్ల బరువు మోస్తూ 3 మైళ్లు 45 నిమిషాల్లో నడవాలి. హాట్‌షాట్ల కొలమానం అంతకంటే పైన: మైలున్నర పరుగు 10 నిమిషాల 35 సెకన్లలో, నిమిషంలో 25 పుషప్‌లు, 40 సిటప్‌లు, ఒంటి బరువును బట్టి 4 నుంచి 7 చినప్‌లు. పారాచూట్‌తో దిగే స్మోక్‌జంపర్లకైతే 110 పౌండ్ల మూటతో 3 మైళ్లు 90 నిమిషాల్లో పూర్తి చేసే పరీక్ష కూడా ఉంది. 1940 జులైలో ఐడహోలో మొదటిసారి మంట మీదికి దూకిన నాటి నుంచి ఆ శాఖకో ప్రత్యేక చరిత్ర ఉంది. నేల మీద దిగాక మాత్రం వాళ్లు చేసేదీ ఇదే పని.

శారీరక దారుఢ్యం ఒక చలికాలం కష్టపడితే వస్తుంది. అసలు విద్య లైన్ మీద నేర్చుకోవాల్సిందే.

లైన్ ఎలా పడుతుందో చూడండి. ముందు సూపరింటెండెంటో అసిస్టెంటో నడుస్తూ లైన్ ఎటు పోవాలో చెట్లకు రంగు రిబ్బన్లు కట్టుకుంటూ పోతారు. వెనకే రంపాల జంటలు వస్తాయి. చైన్‌సా పట్టే మనిషి సాయర్, కోసిన కొమ్మలను లాగి విసిరే మనిషి స్వాంపర్. కాలని కొమ్మను పచ్చ వైపుకు, అంటే మంటకు అవతలి వైపుకు విసరాలి. లోపలికి విసిరితే మంటకు మనమే మేత వేసినట్టు. కాస్త కమిలినా, పొగ వస్తున్నా దాన్ని కాలిన వైపుకే తోయాలి. తొందరలో ఒక్క వేడి కొమ్మ పచ్చ వైపు పడితే గంట తర్వాత అక్కడే కొత్త మంట లేస్తుంది.

రంపాల వెనక చేతి పనిముట్ల వరుస. ముందు పులాస్కీలు ఉంటాయి, ఒక పక్క గొడ్డలి, ఇంకో పక్క తవ్వే అంచు. 1910 ఆగస్టులో ఐడహోలో మహా కార్చిచ్చు చుట్టుముట్టినప్పుడు తన మనుషులను పాత గని సొరంగంలోకి తోలుకెళ్లి ఎక్కువమందిని బతికించిన రేంజర్ ఎడ్ పులాస్కీ పేరే దానికి నిలిచిపోయింది. పులాస్కీలు వేళ్లు నరికి గడ్డ పగలగొడతాయి. తర్వాతి వాళ్లు వెడల్పాటి అంచున్న పనిముట్లతో గీకుతారు. చివర్లో మెక్‌లౌడ్ (ఒక పక్క పార అంచు, ఇంకో పక్క పళ్లున్న పనిముట్టు) పట్టిన వాళ్లు అంతా శుభ్రం చేస్తారు. మనిషికీ మనిషికీ మధ్య పది అడుగులు. ఎవరూ ఒకే చోట నిలబడి మొత్తం తవ్వరు. ఒక్కొక్కరూ నాలుగు దెబ్బలు వేసి అడుగు ముందుకేస్తారు. చివరి మనిషి దాటేసరికి ఆకు, దుబ్బు, వేరు ఏమీ లేని అసలు మట్టి బయటపడాలి. పనిని కొలిచే కొలత చైన్, అంటే 66 అడుగులు. పొట్టి గడ్డిలో మంచి జట్టు గంటకు పదుల చైన్లు తవ్వుతుంది. దుంగలు అడ్డదిడ్డంగా పడిన అడవిలో అదే జట్టు నాలుగైదు చైన్లు తవ్వితే గొప్ప.

ఎంత బాగా తవ్వినా లైన్ తప్పే దారులు చాలా ఉన్నాయి. నేల కింద ఒక వేరు లైన్‌కు అడ్డంగా తెగకుండా ఉండిపోతే నిప్పు దాని వెంట కాలుతూ పోయి రెండు రోజుల తర్వాత అవతల తేలుతుంది. వాలు మీద, మంటకు దిగువన లైన్ తవ్వితే కాలుతున్న పైన్ కాయలు, దుంగలు దొర్లి కిందికి వస్తాయి. వాటిని పట్టడానికి లైన్‌ను లోతుగా, దొన్నెలా తవ్వి దిగువ అంచున మట్టి కట్ట కట్టాలి. వాలు వెంట అడ్డంగా పడున్న దుంగను అలా వదిలేస్తే ఆసరా కాలిపోయినప్పుడు దొర్లుకుపోతుంది కాబట్టి దాన్ని నిలువుగా తిప్పి పెట్టాలి. లైన్‌కు దగ్గర్లో నిలువునా కాలుతున్న ఎండు చెట్టుంటే అది నిప్పురవ్వలను లైన్ మీదుగా చల్లుతూనే ఉంటుంది. దాన్ని కూల్చాలి. కూల్చేటప్పుడు పైన విరిగి వేలాడే కొమ్మ సాయర్ ప్రాణం తీయగలదు. అందుకే రంపం ఆన్ చేసే ముందు తల పైకెత్తి చూడాలి, వాలును, కుళ్లును అంచనా వేయాలి, వెనక్కి ఏటవాలుగా తప్పుకునే రెండు దారులు శుభ్రం చేసుకోవాలి. అడవి మంటల్లో ప్రాణాలు తీసేది మంట ఒక్కటే అనుకుంటారు. చెట్లు, వాహన ప్రమాదాలు, గుండెపోట్లు కూడా ఎన్నో ప్రాణాలు తీశాయి.

లైన్ తవ్వాక అసలు పరీక్ష మొదలవుతుంది. లైన్‌కూ మంటకూ మధ్య మిగిలిన అడవిని తామే తగలబెట్టాలి. దీన్ని బర్నౌట్ అంటారు. చేతిలో డ్రిప్ టార్చ్ ఉంటుంది. అందులో మూడు నాలుగు పాళ్లు డీజిల్, ఒక పాలు పెట్రోలు. పెట్రోలు ఎక్కువైతే టార్చ్ ప్రమాదకరం, తక్కువైతే చెమ్మ ఉన్న ఆకులు అంటుకోవు. సాధారణంగా ఎత్తైన చోటి నుంచి మొదలుపెట్టి కిందికి దిగుతారు. మంట వాలు ఎక్కేటప్పుడు దాని వేగం పెరుగుతుంది కాబట్టి పైన ముందే కాలి ఉండాలి. ఒకేసారి ఎక్కువ నిప్పు పెడితే వేడి లైన్‌ను దాటి పచ్చ వైపు చెట్లను ఎండబెడుతుంది, రవ్వలు ఎగురుతాయి. తక్కువ పెడితే మధ్యాహ్నానికి పని పూర్తికాదు, అప్పటికి గాలిలో తేమ పడిపోయి మొత్తం చేయి దాటుతుంది. నిప్పు ఎంత, ఎప్పుడు, గీతలుగానా చుక్కలుగానా అన్నది ఫైరింగ్ బాస్ నిమిష నిమిషానికీ నిర్ణయించాలి. లైన్ మీద కాపలా ఉన్న మిగతా జట్టు ఎటు చూస్తుందో తెలుసా? మంటకు వీపు పెట్టి పచ్చ వైపు చూస్తుంది. ప్రమాదం పుట్టేది అటే. వెనక చెట్ల ఎత్తున మంట గర్జిస్తుంటే తిరిగి చూడకుండా ముందున్న పొదల్లో సన్నటి పొగ కోసం వెతకడం కొత్తవాళ్లకు ఎంత చెప్పినా ఒకటి రెండు సీజన్లదాకా అలవడదు.

తర్వాత మాప్అప్, అంటే మిగిలిపోయిన నిప్పును వెతికి ఆర్పడం, ఎవరికీ ఇష్టంలేని పని. చాలా చోట్ల నీళ్లు ఉండవు. వీపున మోసే అయిదు గ్యాలన్ల సంచి అరగంట కూడా రాదు. కాలిన నేలను తవ్వి, కలిపి, చేతి గ్లవ్ తీసి అరచేతి వెనక భాగంతో వేడి తగులుతుందేమో తడిమి చూస్తూ అడుగు అడుగూ వెళ్లాలి. ఊపిరితిత్తుల్లోకి పొగ, బూడిద ఎక్కువగా పోయేది ఇక్కడే.

ఇక నిర్ణయాల సంగతి. జట్టులో ఒకరు గంటకోసారి వాతావరణం కొలుస్తారు. తాడుకు కట్టిన రెండు థర్మామీటర్లలో ఒకదానికి తడి వత్తి ఉంటుంది. నీడలో నిలబడి, ఒంటికి దూరంగా, తడి థర్మామీటర్ దిగడం ఆగేవరకు తిప్పాలి. ఆ రెండు అంకెల తేడా నుంచి గాలిలో తేమ శాతం తేల్చి రేడియోలో అందరికీ చదువుతారు. తేమ గంటగంటకూ పడుతూ గాలి దిశ తడబడుతుంటే ఆ అంకెలను బట్టే లైన్ వదలాలా వద్దా అని తేల్చుకోవాలి. జిగ్‌జాగ్ హాట్‌షాట్ల సూపరింటెండెంట్ పాల్ గ్లీసన్ 1991లో ఇదంతా నాలుగు అంశాలకు కుదించారు: కాపలా మనిషి, రేడియో సంబంధం, తప్పించుకునే దారి, సురక్షిత స్థలం. నాలుగూ ఉంటేనే పని, ఒక్కటి చెడినా వెనక్కి. సురక్షిత స్థలమంటే ఖాళీ జాగా అని కాదు. చదును నేల మీద, గాలి లేనప్పుడు మంట ఎత్తుకు కనీసం నాలుగు రెట్ల దూరం ఉండాలి. వాలూ గాలీ తోడైతే ఆ దూరమూ చాలదు. 2008లో చెట్టు పడి గాయపడిన ఒక యువకుడు సకాలంలో ఆసుపత్రికి చేరక చనిపోయాక, పని మొదలుపెట్టే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవడం ఆచారమైంది: ఎవరికైనా దెబ్బ తగిలితే ఏం చేస్తాం, ఎలా బయటికి తీసుకెళ్తాం, ఆసుపత్రికి ఎంతసేపు పడుతుంది.

ఈ నియమాలు ప్రాణాల ధర చెల్లించి రాసుకున్నవి. 1966 నవంబరు 1న కాలిఫోర్నియాలోని లూప్ ఫైర్‌లో ఎల్ కరీసో హాట్‌షాట్లు 12 మంది చనిపోయారు. 1994 జులై 6న కొలరాడోలోని సౌత్ కాన్యన్ మంటలో 14 మంది చనిపోయారు, వాళ్లలో 9 మంది ప్రైన్‌విల్ హాట్‌షాట్లు. కొన్ని రోజులుగా నెమ్మదిగా పాకుతున్న మంట అది. పొడి గాలుల ఫ్రంట్ వచ్చిన సాయంత్రం, వాలు మీద గాంబెల్ ఓక్ పొదల మధ్య కిందికి తవ్వుతున్న లైన్ మీద ఉన్నవాళ్లను నిమిషాల్లో అందుకుంది. 2013 జూన్ 30న అరిజోనాలోని యార్నెల్ హిల్‌లో ఉరుముల మేఘం నుంచి దిగిన గాలి మంట దిశను తిప్పేసింది. కాలిన నేల వదిలి లోయలోకి దిగిన గ్రానైట్ మౌంటెన్ హాట్‌షాట్లు 19 మంది, మంట మీదపడినప్పుడు కప్పుకునే తమ షెల్టర్లలోనే ప్రాణాలు వదిలారు. బతికింది వేరే చోట కాపలా ఉన్న ఒక్కరే.

షెల్టర్ గురించి చాలామందికి తప్పుడు అభిప్రాయం ఉంది. అల్యూమినియం రేకు అతికించిన సిలికా గుడ్డ, లోపల మరో పొర, సుమారు 4 పౌండ్ల బరువు. 1977 నుంచి వెంట ఉంచుకోవడం తప్పనిసరి. దూరం నుంచి వచ్చే ఉష్ణ వికిరణాన్ని చాలావరకు తిప్పికొడుతుంది. నేరుగా మంట తగిలితే మాత్రం దాదాపు 500 ఫారెన్‌హీట్ డిగ్రీల దగ్గర జిగురు విడిపోవడం మొదలవుతుంది, 1,220 డిగ్రీల దగ్గర అల్యూమినియం కరిగిపోతుంది. దాన్ని తెరవాల్సి వచ్చిందంటే అప్పటికే కాపలా, దారి, స్థలం అన్నీ చేజారాయని అర్థం. నడుముకు కట్టిన ఆ సంచి కంటే, పరిస్థితి చేజారక ముందే "ఇక్కడ వద్దు, వెనక్కి పదండి" అనగలిగే స్క్వాడ్ లీడర్ గొంతు ఎక్కువ ప్రాణాలు కాపాడుతుంది. ఆ మాట అనడానికి అందరి జేబుల్లో ఉండే చిన్న గైడ్‌లో ఒక పద్ధతే ఉంది. ప్రమాదకరమైన పనిని సరైన కారణాలతో ఎలా నిరాకరించాలో అందులో రాసి ఉంటుంది. జట్టులో తగిన అనుభవం లేకపోవడం కూడా ఆ కారణాల్లో ఒకటి. కానీ ఆ పేజీని వాడుకోవాలంటే, ఇలాంటి వాలు, ఇలాంటి గాలి ఇంతకుముందు ఎలా మారాయో చూసినవాళ్లు ఉండాలి.

అందుకే జాతీయ ప్రమాణాల్లో ఒక సంఖ్య ఉంది. టైప్ 1, అంటే అత్యున్నత శ్రేణి, అనిపించుకోవాలంటే జట్టులో 80 శాతం మందికి కనీసం ఒక సీజన్ అనుభవం ఉండాలి. సూపరింటెండెంట్‌కు టాస్క్ ఫోర్స్ లీడర్ (కొన్ని జట్లను కలిపి నడిపేవారు), టైప్ 4 ఇన్సిడెంట్ కమాండర్ (చిన్న మంటకు సారథి), ఫైరింగ్ బాస్ అర్హతలు ఉండాలి. వాటిలో ఒక్కొక్కదానికీ నిజమైన మంటల మీద చేసి చూపించి టాస్క్ బుక్‌లో సంతకాలు చేయించుకోవాలి. ఇందుకు పదేళ్లు పట్టడం మామూలు. మనుషులు మానేసి ఆ 80 శాతం తప్పితే, నాయకత్వ స్థానాలు ఖాళీ అయితే, పేరు అదే ఉన్నా జట్టు ఒక మెట్టు దిగి టైప్ 2గా బయల్దేరాల్సి వస్తుంది. ఇటీవలి సంవత్సరాల్లో ఇది జరిగింది కూడా.

ఎందుకు మానేస్తారు? లెక్క చూడండి. 2021 దాకా ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్ల జీతం గంటకు 13 డాలర్ల దగ్గర ఉండేది. ఆ వేసవిలో కనీసం 15 చేశారు. ఆ నవంబరులో వచ్చిన మౌలిక వసతుల చట్టం ఏడాదికి 20,000 డాలర్లు లేదా మూల జీతంలో సగం, ఏది తక్కువైతే అది అదనంగా ఇచ్చింది, అదీ తాత్కాలికంగా. 2025 మార్చిలో శాశ్వత పెంపు వచ్చింది. ఫెడరల్ జీతాల మెట్లయిన జీఎస్ గ్రేడుల్లో జీఎస్ 5కు 30 శాతం, జీఎస్ 9కి 18 శాతం. కింది మెట్లకు ఎక్కువ ఇవ్వడం న్యాయమే. కానీ పదేళ్లు పెట్టి తయారైన మనిషి పైమెట్టుకు ఎక్కేకొద్దీ శాతం తగ్గిపోతోంది. వదులుకోలేనిది ఆ మనుషులనే కదా!

ఇంతకాలం ఈ ఉద్యోగాన్ని నిలబెట్టింది ఓవర్‌టైమ్. ఒక అసైన్‌మెంట్ 14 రోజులు, రోజుకు 16 గంటల దాకా పని. అంటే 224 గంటలు. అందులో రెండు వారాల మామూలు పని గంటలు 80 పోతే 144 గంటలు ఓవర్‌టైమే. సీజన్‌కు వెయ్యి గంటల ఓవర్‌టైమ్ ఈ వృత్తిలో వింతేమీ కాదు. మూల జీతంతో అద్దె కట్టలేని మనిషికి ఆ గంటలే బతుకు. వర్షాలు బాగా పడి మంటలు తగ్గిన ఏడాది ఇల్లు గడవదు. అలసిపోయిన జట్టు "ఇంకో వారం విశ్రాంతి కావాలి" అనాల్సిన చోట అనలేదు. ఈ తప్పు వ్యవస్థది, వాళ్లది కాదు.

2025 చట్టంలో మంచి అంశం ఒకటి ఉంది. మంట మీద ఉన్న రోజుకు గంట జీతానికి నాలుగున్నర రెట్లు ప్రీమియం ఇస్తారు, ఏడాదికి 9,000 డాలర్ల పరిమితితో. దాంట్లోనే ఒక మినహాయింపు ఉంది: తొలి దాడిలోనే 36 గంటల్లోపు అదుపులోకి వచ్చిన మంటకు ఇది వర్తించదు. అంటే రాత్రంతా తవ్వి మంటను చిన్నగా ఉండగానే కట్టేసిన జట్టుకు ఆ డబ్బు రాదు, అది పెరిగి క్యాంపు వెలిసిన చోట పనిచేస్తే వస్తుంది. ఏ జట్టూ డబ్బు కోసం మంటను పెరగనివ్వదు, ఆ విషయంలో నాకు అనుమానం లేదు. కానీ అత్యుత్తమ పనికి తక్కువ చెల్లించే నిబంధన ఉండకూడదు. హజార్డ్ పే, అంటే ప్రమాద భత్యం, సంగతీ ఇంతే. అదుపులో లేని మంట లైన్ మీద మూల జీతానికి 25 శాతం అదనం వస్తుంది. వసంతంలో అదే టార్చ్ పట్టుకుని, అదే పొగలో, అడవిని కాపాడటానికి పద్ధతి ప్రకారం తగలబెడితే (ప్రిస్క్రైబ్డ్ బర్న్) రాదు.

పొగ గురించి ఇంకా గట్టిగా మాట్లాడాలి. నగరాల్లో ఫైర్‌ఫైటర్ వీపున మోసే గాలి సిలిండర్ గంట కూడా రాదు, 16 గంటల షిఫ్టుకు పనికిరాదు. ఎన్95 మాస్కు ధూళి కణాలను ఆపుతుంది, కార్బన్ మోనాక్సైడ్‌ను ఆపదు. పైగా ఎండలో కొండెక్కుతూ తవ్వేటప్పుడు ఒంట్లో పుట్టే వేడికి అది తోడవుతుంది. రాత్రిళ్లు లోయల్లో పొగ కూరుకుపోతుంది, క్యాంపులు తరచూ ఆ లోయల్లోనే వెలుస్తాయి. అంటే విశ్రాంతి వేళా పొగే. 2022లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఫైర్‌ఫైటర్ వృత్తిని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. ఆ డిసెంబరులో వచ్చిన చట్టం, కనీసం అయిదేళ్లు పనిచేసి, చివరి విధి తర్వాత పదేళ్లలోపు కొన్ని జబ్బుల పాలైన ఫెడరల్ ఫైర్‌ఫైటర్లకు అవి వృత్తి వల్లే వచ్చాయని భావించాలని చెప్పింది. మంచి అడుగు. క్యాన్సర్ పదకొండో ఏట బయటపడితే మాత్రం రుజువు భారమంతా మళ్లీ రోగి మీదే.

ఏం చేయాలో కష్టమైన లెక్కేమీ కాదు. ఓవర్‌టైమ్ లేకుండా బతకగలిగే మూల జీతం, పైమెట్లకు కూడా తగ్గని పెంపు, 36 గంటల మినహాయింపు రద్దు, ప్రిస్క్రైబ్డ్ బర్న్ మీద హజార్డ్ పే, ప్రతి మనిషి ఎన్ని రోజులు ఎంత పొగలో ఉన్నారో నమోదు. వీటన్నిటికంటే ముందు తాత్కాలిక ఉద్యోగాల పద్ధతి మారాలి. సీజన్ తాత్కాలిక నియామకానికి మూల పని గంటల పరిమితి 1,039. దాని తర్వాత ఇంటికి పంపేస్తారు. ఆ సర్వీసు పెన్షన్‌కు లెక్కలోకి రాదు. వచ్చే ఏడాది వస్తారో రారో తెలియదు. వాళ్లను ఏడాది పొడవునా శాశ్వత ఉద్యోగులుగా ఉంచుకుంటే, అడవిలో ఎండు సరుకు తగ్గించే బర్న్‌లకు మనుషులు లేరని వాయిదా వేసే చలికాలం, వసంతం వారాల్లో పని చేయించవచ్చు. మే నెలలో 80 గంటల శిక్షణకు వచ్చే జట్టులో టార్చ్ పట్టడం కొత్తగా నేర్చుకోవాల్సినవాళ్లు అయిదుగురికి బదులు ఒకరిద్దరే ఉంటారు.